మత్తుకి ముందు, మత్తు తర్వాత: విజయనగరంలో ఒక జ్ఞాపకశక్తి ప్రాజెక్టు డైరీ

ఆషాఢం

పెద్దవాళ్ళకి ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్ళు ఖర్చు సంగతి అడుగుతారు, ఆ తర్వాత ప్రశ్న ఇదే: మత్తు మందు ఇస్తే మతి పోతుందంటారు, నిజమేనా అని. విజయనగరం చుట్టుపక్కల ఏ వార్డులో కాసేపు కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. డాక్టర్లు ఏదో ఒకటి చెప్పి ధైర్యం ఇస్తారు గానీ, మన ఊరి మనుషుల మీద కొలిచి చెప్తున్న జవాబు కాదది. ఈ ప్రాజెక్టు పెట్టుకున్నది అందుకే. నేను డాక్టర్ని కాను, న్యూరోసైన్స్ చదివి జ్ఞాపకశక్తి మీద పనిచేసేదాన్ని. మత్తు ఇచ్చేదీ, రోగి బాధ్యత చూసేదీ మాతో కలిసి పనిచేస్తున్న మత్తు డాక్టర్ మేడమ్. ఆపరేషన్‌కి ముందు ఆ మనిషికి ఏ మాత్రం గుర్తుంటోందో, ఆపరేషన్ అయిన వారానికి ఎంతో, మూడు నెలలకి ఎంతో కొలవడం నా పని.

ఈ రంగంలో ఎవరైనా ముందు చూపించేది 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఐఎస్‌పీఓసీడీ అధ్యయనం, ఆపరేషన్ తర్వాత మతి తగ్గుతుందా అని చూసినది. అరవై, ఆ పైన వయసున్న 1218 మంది, గుండె ఆపరేషన్లు కాకుండా మిగతా పెద్ద ఆపరేషన్లు. వారానికి 25.8 శాతం మందికి, మూడు నెలలకి 9.9 శాతం మందికి జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివి తగ్గినట్టు తేలింది. ఆపరేషన్ లేనివాళ్ళలో అవే పరీక్షలకి 3.4, 2.8 వచ్చాయి. రక్తపోటు పడిపోవడమో, ఆక్సిజన్ తగ్గడమో కారణమై ఉంటుందనుకుని మొదలుపెట్టిన అధ్యయనం, తీరా చూస్తే ఆ రెండింటికీ సంబంధమే కనబడలేదు. మొదటి వారంలో కనబడినవి వయసు, మత్తులో ఉన్న సమయం, ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల ఇబ్బందులు, రెండో ఆపరేషన్, ఇంకా తక్కువ చదువు. మూడు నెలలకి వచ్చేసరికి వయసు ఒక్కటే మిగిలింది.

ఆ తక్కువ చదువు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ పరీక్షల్లో పదాలు తెర మీద చదవాలి, అక్షరాలకి అంకెలు జతచెయ్యాలి, రంగుల పేర్లు చదవాలి. మా వార్డుకి వచ్చే అరవై దాటిన ఆడవాళ్ళలో బడి మొహం చూడనివాళ్ళే ఎక్కువ. చదువు లేకపోతే మెదడుకి నిజంగానే ఎక్కువ దెబ్బ తగులుతోందా, లేక పరీక్షే చదువుని కొలుస్తోందా? ఇది తేలకుండా మత్తు మీద నింద వేసినా, మత్తుని వెనకేసుకొచ్చినా నాకు ఒప్పదు.

శ్రావణం

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. సంతకం చెయ్యలేనివాళ్ళకి వేలిముద్రతో పాటు, మాతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, కాగితంలో ఉన్నది మొత్తం వాళ్ళ ముందు చదివి వినిపించాలి. ఇది టైం తీసుకుంటుంది, తీసుకోనీ.

ఆపరేషన్ తేదీ ఇచ్చి పంపిన పెద్దవాళ్ళనీ, వాళ్ళకి తోడొచ్చినవాళ్ళనీ కూర్చోబెట్టి పుస్తకాల్లో ఉన్న పరీక్షలే ముందు పెట్టి చూశాం. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే చాలామంది నవ్వేసి ఊరుకున్నారు. ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఉన్న రెండు పంచభుజాల బొమ్మ చూసి అలాగే గీయమంటే పెన్సిల్ ముట్టుకోలేదు. గంటస్తంభం దగ్గర కూరలమ్మే ఒక మామ్మా అంతే, పెన్సిల్ పక్కన పెట్టేసింది. ఆ మార్కుల ప్రకారం ఆవిడకి మతిమరుపు జబ్బు ఉన్నట్టే లెక్క. అదే మామ్మ కాసేపటికి మాటల్లో పడి, ఆ వారం ఎవరికి ఎంత అరువిచ్చిందో, ఎవరు పాత బాకీలో ఎంత తీర్చారో, ఎవరు ముఖం చాటేశారో రూపాయలతో సహా వరసగా చెప్పుకుపోతుంటే, పక్కన కూతురు ఔనౌనని తలూపుతూ ఉంది. ఆవిడ జ్ఞాపకశక్తి బయటపడటానికి ఆ పరీక్షలో చోటే లేదు.

దీనివల్ల ఇంకో పెద్ద చిక్కు ఉంది. మొదటే అట్టడుగు మార్కు వచ్చిన మనిషికి ఆపరేషన్ తర్వాత తగ్గడానికి ఇంకేం మిగులుతుంది? నిజంగా దెబ్బ తగిలినా మాకు కనబడదు. అందరూ బాగానే ఉన్నారని రాసేస్తాం. అంటే చదువుకున్నవాళ్ళ సంగతి తెలుస్తుంది, చదువుకోని మామ్మల సంగతి ఎప్పటికీ తెలియదు.

ఈ బాధ పడినవాళ్ళు మాకంటే ముందే ఉన్నారు. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళ కోసం హిందీలో ఒక పరీక్ష 1990లలోనే తయారైంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, జ్ఞాపకం, భాష లాంటివి కొలిచే అడెన్‌బ్రూక్స్ పరీక్షని తెలుగుకి తగ్గట్టు మలిచారు. అవి రెండూ ముందు పెట్టుకుని, చదవడం, రాయడం అక్కర్లేకుండా చెవితో విని నోటితో చెప్పేవి మాత్రం తీసుకున్నాం. పదాల జాబితా ఒకటి, చిన్న కథ ఒకటి. వినగానే ఒకసారి చెప్పాలి, అరగంట తర్వాత మళ్ళీ చెప్పాలి. అసలు విషయం ఆ అరగంటలోనే ఉంది, ఎందుకంటే అప్పటికప్పుడు తిరిగి చెప్పడం చాలామందికి వస్తుంది, మెదడులో నిలబెట్టుకోవడమే వేరే పని.

కథలో బొబ్బిలి నుంచి ఒకావిడ మానాపురం సంతకి వెళ్ళి రెండు మేకలు కొంటుంది, దారిలో వాన, ఒక మేక తాడు తెంపుకుని చెరకు తోటలో పడుతుంది, ఇద్దరు కుర్రాళ్ళు పట్టి తెస్తారు. మొదట మేక ధర కూడా రాశాం. వినడమే ఆలస్యం, "ఆ డబ్బుకి మేకేటమ్మా, మేక తోకైనా రాదు!" అని ఒక పెద్దాయన లేచి కూర్చున్నాడు. మిగతావాళ్ళదీ అదే వరస. అరగంట తర్వాత అడిగితే ఆ ధర మాత్రం ఎవరూ మర్చిపోవడం లేదు, మిగతా కథ సగం పోతోంది. ధర తీసేశాం. అన్ని ముక్కలూ దాదాపు ఒకే బరువు ఉన్నట్టు అయ్యేదాకా కథని చెక్కుతూనే ఉన్నాం. వారానికీ, మూడు నెలలకీ వాడటానికి ఇంతే కష్టం ఉన్న వేరే కథలు, వేరే జాబితాలు చేశాం, లేకపోతే పాత కథే గుర్తుండి మార్కులు పెరుగుతాయి.

అలా మార్చినా పరీక్ష అలవాటై రెండోసారి కొంచెం మెరుగ్గా చెప్తారు. అందుకని ఆపరేషన్ లేని అదే వయసువాళ్ళు కూడా కావాలి. దూరం వెళ్ళక్కర్లేదు, రోగికి తోడుగా వచ్చే అక్కలు, బావలు, వియ్యపురాళ్ళు అక్కడే ఉన్నారు. అదే ఊరు, దాదాపు అదే చదువు. వాళ్ళు ఎంత మెరుగయ్యారో తీసేసి చూస్తేనే ఆపరేషన్ అయినవాళ్ళ సంగతి తెలుస్తుంది.

భాద్రపదం

ఇది పెద్దవయసువాళ్ళ మీద చేస్తున్న అసలు పని కాదు, పక్కన నడుస్తున్న చిన్న ప్రయోగం. ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్ళే ముందు టెన్షన్ తగ్గడానికి మిడజోలామ్ అనే మందు కొద్దిగా ఇవ్వడం మామూలే. మేడమ్ దాన్ని వయసు మీదపడినవాళ్ళకి ఇవ్వరు, వాళ్ళలో ఆపరేషన్ తర్వాత మతి తిరుగుడు తెచ్చే మందుల్లో ఇదొకటి కాబట్టి. నడివయసువాళ్ళకి ఎలాగూ ఇస్తున్నారు కదా, వాళ్ళ అనుమతితో మందుకి ముందు కొన్ని బొమ్మల కార్డులు, మందు తర్వాత కొన్ని చూపిస్తున్నాం.

గాల్‌బ్లాడర్‌లో రాళ్ళతో వచ్చిన ఒక ఆటో డ్రైవర్ సంగతి రాసి పెట్టుకోవాలి. మందుకి ముందు రోలు, గొడుగు, తాళం చూపించాం, పేర్లు చెప్పాడు. సెలైన్ గొట్టంలోంచి మందు వెళ్ళి కాసేపయ్యాక లాంతరు బొమ్మ చూపిస్తే ముఖం వెలిగిపోయింది. "మా తాత కాడ ఇలాటిదే ఉండేది, నాను గాజు పగలగొట్టినానని ఈది సివర దాకా తరిమినాడు" అని నవ్వుతూ చెప్పాడు. కళ్ళు తెరిచే ఉన్నాడు, మాట తడబడలేదు, అడిగినవాటికి జవాబు చెప్తున్నాడు. సాయంత్రం వార్డులో కార్డులన్నీ కలిపి, చూపించనివి కూడా మధ్యలో పెట్టి అడిగాం. రోలు, గొడుగు, తాళం టక్కున తీశాడు. లాంతరు చేతిలో పట్టుకుని, "ఇది నాకు సూపించనేదమ్మా" అన్నాడు. తాత కథ మేం గుర్తుచేస్తే, "అది మీకెలా తెలుసు?" అని నన్నే అడిగాడు.

ఈ మందు గురించి పుస్తకాల్లో ఉన్నది సరిగ్గా ఇదే. ముందు జరిగినదాన్ని చెరపదు, తన ప్రభావంలో ఉన్నంతసేపు కొత్తది నిలవనివ్వదు. గాబా అనే రసాయనం మెదడు కణాలని శాంతపరుస్తుంది, ఆ గాబా పట్టుకునే గ్రాహకాల మీద మిడజోలామ్ కూర్చుని దాని బలం పెంచుతుంది. ప్రొపొఫాల్, సెవోఫ్లూరేన్ లాంటి పూర్తి మత్తు మందులు కూడా ముఖ్యంగా ఆ గ్రాహకాల మీదే పనిచేస్తాయి. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ఎంత అవసరమో ప్రపంచానికి తెలిసింది హెన్రీ మొలైసన్ వల్ల. 1953లో మూర్ఛ తగ్గడానికని రెండు వైపులా ఆ భాగం చాలావరకు తీసేశాక, 2008లో చనిపోయేదాకా ఆయనకి కొత్త సంఘటనలు నిలవలేదు. చిన్నప్పటివి చాలా గుర్తున్నాయి, మాట, తెలివి బాగానే ఉన్నాయి. మా ఆటో డ్రైవర్‌కి కాసేపు అలాంటి స్థితి వచ్చి పోయిందన్నమాట. తేడా ఏమిటంటే ఇతనికి మందు దిగిపోతుంది.

దిగిపోతుందా అన్నదే నా అసలు ప్రశ్న. టొరంటోలో బెవర్లీ ఓర్సర్ బృందం 2014లో ఎలుకల మీద చూపించినదాని ప్రకారం, ఒక్కసారి మత్తు ఇచ్చినా, మందు ఒంట్లోంచి వెళ్ళిపోయాక కూడా హిప్పోక్యాంపస్ కణాల ఉపరితలం మీద ఒక రకం గాబా గ్రాహకాలు, ఆల్ఫా-5 అంటారు, పెరిగి రోజుల తరబడి అలాగే ఉన్నాయి, ఆ రోజుల్లో ఎలుకల జ్ఞాపకం కూడా తగ్గింది. ఎలుకలో కనబడింది మనిషిలో ఉండి తీరాలని లేదు. కానీ వారం రోజుల పరీక్ష మేం మానకుండా చెయ్యడానికి ఇదొక మంచి కారణం.

ఆశ్వయుజం

సిరిమాను జాతర దగ్గరపడుతోంది. మోకాలి మార్పిడికి తేదీ ఇచ్చిన పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు, పైడితల్లమ్మ సిరిమాను చూశాకే ఆపరేషన్ అని వాయిదా వేయించుకున్నారు. మంచిదే. ముందు పరీక్షకి మాకు తొందర లేని సమయం దొరికింది, నొప్పి మందులు, టెన్షన్ లేని మామూలు రోజున కొలిచిన జ్ఞాపకమే నిఖార్సైన లెక్క. తుంటి విరిగి వచ్చినవాళ్ళ దగ్గర ఈ వీలు ఉండదు, నొప్పిలో ఉన్న మనిషికి మేక కథ చెప్పి ఏం కొలుస్తాం? అందుకే వాళ్ళని మా లెక్కలోకి తీసుకోలేదు, గమనించి రాసుకుంటున్నామంతే.

ఈఈజీ మొదలైంది. నుదుటి మీద ఎలక్ట్రోడ్లు అంటించి, మత్తు ఇచ్చే ముందు నుంచి తెలివి వచ్చేదాకా మెదడు తరంగాలు రికార్డు చెయ్యడం. పుస్తకంలో ఒక్క వాక్యం, ఇక్కడ పెద్ద పని. కొబ్బరినూనె రాసుకోని నుదురు మా జిల్లాలో దొరకదు, దాని మీద విభూతి. స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ తుడిచి, మీటరులో నిరోధం 5 కిలో ఓములకి కిందకి దిగేదాకా ఆగాలి. మధ్య ఎలక్ట్రోడు పెట్టాల్సిన చోటే ఆడవాళ్ళకి బొట్టు ఉంటుంది. బొట్టు చెరపడానికి ఒప్పుకోనివాళ్ళని మేం ఒత్తిడి చెయ్యం. ఎలక్ట్రోడుని కాస్త పైకి జరిపి, ఎంత జరిపామో రాసుకుంటున్నాం, అందరికీ అదే చోటు ఉండేలా చూస్తున్నాం. ఇక సర్జన్ కాటరీ, అంటే కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం, వాడినంతసేపూ తెర మీద గీతలన్నీ గడ్డివాములా అయిపోతాయి, ఆ ముక్కలు తర్వాత కోసెయ్యాల్సిందే.

కానీ గీతలు బాగా వచ్చినప్పుడు చూడాలి. మెలకువగా కళ్ళు మూసుకున్న మనిషికి ఆల్ఫా తరంగాలు, సెకనుకి 8 నుంచి 12, తల వెనక వైపు బలంగా ఉంటాయి. ప్రొపొఫాల్ ఎక్కుతుంటే అవి నుదుటి వైపుకి వచ్చి చేరతాయి, వాటితో పాటే చాలా నెమ్మదైన పెద్ద అలలు. వయసు పెరిగే కొద్దీ ఆ ముందువైపు ఆల్ఫా పలచబడుతుంది, మా పెద్దవాళ్ళ రికార్డుల్లో కంటికే తెలుస్తోంది. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఎమరీ బ్రౌన్ ఇదంతా ఏళ్ళ తరబడి చదివి, ఇది నిద్ర కాదు, మందుతో తెచ్చి మళ్ళీ వెనక్కి తిప్పగలిగిన కోమా అని గట్టిగా చెప్తారు. 1846 అక్టోబర్ 16న విలియం మోర్టన్ ఈథర్ మత్తు అందరి ముందూ చేసి చూపించింది కూడా ఆ ఆసుపత్రిలోనే.

కార్తీకం

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒక తాతగారు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. మా లెక్కలో లేని మనిషే, కానీ ఈయన గురించి రాయకుండా ఉండలేను. ఆపరేషన్ బాగా జరిగింది. రెండో రాత్రి మంచం దిగబోయాడు, సెలైన్ సూది పీకేశాడు, "సైరనైపోనాది, నా కేరేజీ ఏదిరా" అని కొడుకుని కేకలేశాడు. కొడుకుని ఒకసారి గుర్తుపట్టాడు, ఇంకోసారి మేస్త్రీ అనుకుని దండం పెట్టాడు. కొడుకు మర్నాడు పొద్దున్న మేడమ్‌ని పట్టుకుని, "మత్తు ఎక్కువిచ్చీసినారు మేడమ్, మా నాన్న మతి పోనాది" అని ఏడ్చాడు.

ఆ తాతగారికి ఇచ్చింది పూర్తి మత్తు కానే కాదు. నడుములో సూది, అంటే నడుము కింద మొద్దుబారడమే. మేడమ్ ఓపిగ్గా ఇదంతా చెప్పి, ఇది డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే మతి తిరుగుడు అనీ, ఎక్కువమందికి తగ్గుతుందనీ, మధ్యలో కారణాలు వెతకాలనీ చెప్పారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కనబడింది, మందు మొదలైంది. కళ్ళజోడు ఆపరేషన్ రోజు తీసి సంచిలో పెట్టారు, అక్కడే ఉండిపోయింది, పెట్టించారు. పగలు కిటికీ పక్కకి మంచం మార్పించారు. కొన్ని రోజులకి నెమ్మదించాడు, కొడుకుని పేరు పెట్టి పిలిచి చోడి అంబలి అడిగాడు.

పూర్తి మత్తు బదులు నడుములో సూది ఇస్తే ఈ గొడవ ఉండదని డాక్టర్లలోనే చాలామంది ఏళ్ళ తరబడి నమ్మారు. తుంటి విరిగిన 1600 మందితో అమెరికా, కెనడాల్లో చేసిన రీగెయిన్ అధ్యయనం 2021లో వచ్చింది. డెలీరియం నడుము సూదివాళ్ళలో 20.5 శాతం, పూర్తి మత్తువాళ్ళలో 19.7. మరుసటి ఏడు చైనా నుంచి వచ్చిన రాగా అధ్యయనంలోనూ తేడా తేలలేదు. అంటే మత్తు మందు ఒక్కదాన్ని దోషిగా నిలబెట్టడం కుదరదు. ఎముక విరగడం, ఒంట్లో లేచే వాపు, నొప్పి, నిద్ర లేకపోవడం, ఇన్ఫెక్షన్, కొత్త చోటు, అప్పటికే లోపల మొదలై ఎవరూ గమనించని మతిమరుపు, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆపరేషన్‌కి ముందే కొలిచి పెట్టుకోకపోతే ఆ చివరిదాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. "ఆపరేషన్ దాకా మా అమ్మ బాగానే ఉండేది" అని ప్రతి ఇంట్లో అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. ఉప్పు ఎంత వెయ్యాలో కోడలిని అడగడం ఎప్పుడు మొదలుపెట్టిందో మాత్రం ఎవరూ రాసి పెట్టుకోరు.

దీనికి ఖరీదైన మందేమీ లేదు, చాకిరీ ఉంది. 1999లో షారన్ ఇనోయ్ బృందం ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ళకి కళ్ళజోడు, వినికిడి మిషను అందేలా చూడటం, రోజూ లేపి నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, రోజూ తేదీ, సమయం చెప్పి మాట్లాడటం లాంటివి చేస్తే డెలీరియం 15 శాతం నుంచి 9.9కి తగ్గిందని చూపించారు. వాళ్ళు ఆపరేషన్ రోగులు కారు, మామూలు వార్డువాళ్ళు. అయినా ఇందులో చాలా పనులు మన దగ్గర తోడుండే కూతురో మనవరాలో చెయ్యగలిగినవే. వాళ్ళకి ఎవరూ చెప్పడం లేదు, అంతే. ఇంటివాళ్ళకి ఇవ్వడానికి ఒక పేజీ రాస్తున్నాను, చదవడం రానివాళ్ళకి ఫోన్లో వినేలా గొంతుతో రికార్డు కూడా. అందులో మొదటి మాట మాత్రం మందు అలవాటు గురించి: రోజూ తాగే అలవాటున్నా, నిద్రమాత్రలు వాడుతున్నా ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పెయ్యండి అని. పరువు పోతుందని దాచినవాళ్ళకి, అవి హఠాత్తుగా ఆగిపోయి, మూడో రోజు వచ్చే కష్టం చాలా పెద్దది.

మార్గశిరం

చిన్న వయసు తల్లి ఒక అమ్మాయి, గ్రహణం మొర్రి ఉన్న పసిబిడ్డని ఎత్తుకుని వచ్చి, మత్తు ఇస్తే బిడ్డ బుర్ర ఎదగదంట కదా అని అడిగింది. ఈ భయానికీ మూలం ఉంది. 2003లో ఎలుక పిల్లలకి గంటల తరబడి మత్తు ఇస్తే మెదడు కణాలు చచ్చిపోయాయని తేలింది. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మూడేళ్ళ లోపు పిల్లలకి మూడు గంటలకి మించి గానీ, పదే పదే గానీ మత్తు ఇవ్వడం గురించి హెచ్చరిక ఇచ్చింది. గంట లోపు మత్తు తీసుకున్న పసిపిల్లలని ఐదేళ్ళ వయసు దాకా చూసిన గ్యాస్ అనే పేరున్న అధ్యయనం 2019లో వచ్చింది, నడుము సూదితో ఆపరేషన్ అయిన పిల్లలతో పోలిస్తే తెలివితేటల్లో తేడా లేదు. మేడమ్ ఆ అమ్మాయికి ఇదే సంగతి తేలిక మాటల్లో చెప్పారు, ఆపరేషన్ ఆపితే బిడ్డకి పాలు తాగడం దగ్గర నుంచి మాట దాకా ఎంత నష్టమో కూడా చెప్పారు.

సాలూరు వైపు కొండ మీంచి ఒక పెద్దావిడ వచ్చింది, ఇంట్లో మాట్లాడేది కువి భాష, సంతలో తెలుగు. మా కథ తెలుగులో విని కువిలో తిరిగి చెప్పింది, ఒక్క ముక్క పోలేదని మనవడు చెప్పాడు. మనవడి మాట మీద మార్కులు వెయ్యలేం కదా, కువి వచ్చిన మనిషి ఒకరు మాతో ఉండాలి. హైదరాబాదులో 648 మంది డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, రోగులని చూసి అల్లాడి బృందం 2013లో చెప్పినదాని ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనబడింది. అలాంటివాళ్ళని భాష కుదరలేదని పక్కన పెట్టేస్తే మేం శ్రావణంలో పడ్డ కష్టమంతా వృథా. పార్వతీపురం నుంచి ఒక టీచరుగారు వస్తానన్నారు.

పుష్యం

సిరిమాను తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళ మూడు నెలల పరీక్షలు ఇప్పుడు మొదలవుతున్నాయి. పండక్కి అందరూ ఇంటి దగ్గరే ఉంటారు, సంక్రాంతి వెళ్ళాక వస్తామన్నారు. రాలేనివాళ్ళ ఇంటికే వెళ్తాం, ఎందుకంటే జ్ఞాపకశక్తి బాగా తగ్గినవాళ్ళే మళ్ళీ ఆసుపత్రి దాకా రాని ప్రమాదం ఉంది, వచ్చినవాళ్ళనే లెక్కేస్తే అంతా బాగున్నట్టు కనబడుతుంది. బస్సు ఛార్జీలకి డబ్బు పక్కన పెట్టాం. పరీక్ష పెట్టే అమ్మాయిలకి ఎవరు ఆపరేషన్ అయినవాళ్ళో, ఎవరు తోడొచ్చినవాళ్ళో తెలియకుండా చూస్తున్నాం, మోకాలి మీద కట్టు కనబడకుండా దుప్పటి కప్పించి మరీ. కూరల మామ్మకి కొత్త కథ, చీపురుపల్లిది, సిద్ధంగా ఉంది. ఆఖరి మనిషి మార్కులు పడేదాకా లెక్కల ఫైలు నేను తెరవను, తాళం మేడమ్ దగ్గరుంది.